నిశ్శేషము చేయుట: ఒక ఆంగ్ల క్రియాపదముపై సమీక్ష

వినాశనమును తెలుపు క్రియలు ఆంగ్లభాషలో కొల్లలుగా కలవు గాని, 'అనైహిలేట్' అను క్రియ చేయునంతటి పెద్ద ప్రతిజ్ఞను వానిలో మఱియొకటి చేయదు. కూల్చిన గోడకు శిథిలములు, కాల్చిన కట్టెకు బూడిద, చంపిన ప్రాణికి కళేబరము మిగులును. ఈ క్రియ మాత్రము ఏమియు మిగులదనుచున్నది. ఇట్టి సాహసోక్తిని మతవేత్తలు, తార్కికులు, సేనానులు, భౌతికశాస్త్రజ్ఞులు, సంఘసంస్కర్తలు, విప్లవకారులు, తుదకు క్రీడావార్తలు వ్రాయు విలేకరులు సైతము తమతమ అవసరములకై వాడుకొనుచు వచ్చిరి. వీరి ప్రయోగములన్నిటిని ఒక్కచోట చేర్చి పరిశీలించినపుడు, ఈ క్రియ యొక్క యోగ్యత దాని కర్మపదముపై, అనగా దేనిని నిశ్శేషము చేయదలచుచున్నామో దానిపై, ఆధారపడి యున్నదని నాకు తోచినది. పదార్థము విషయమున అది అసత్యము. మనుష్యుల విషయమున అది నేరము. మనుష్యులు తామే కల్పించుకొని తామే నమ్ముచున్న వ్యవస్థల విషయమున మాత్రము అది ధర్మము కాగలదు.

ఈ పదము లాటిను పుట్టుక గలది. 'నిహిల్' అనగా ఏమియు కానిది. దానికి 'అడ్' అను ఉపసర్గ చేరగా, 'ఏమియు కాని స్థితికి చేర్చుట' అను అర్థమిచ్చు క్రియ యేర్పడినది. ఆ నిహిల్ శబ్దమును సైతము ప్రాచీనులు 'నే', 'హీలుమ్' అని రెండుగా విడదీసిరి. హీలుమ్ అనగా అత్యల్పమైన వస్తువు. గింజ కాయను అంటియుండిన చోట మిగులు చిన్న మచ్చను వృక్షశాస్త్రజ్ఞులు నేటికిని హైలమ్ అనియే పిలుచుచున్నారు. కాబట్టి చిక్కుడుగింజ మీది మచ్చంతయు మిగులనీయకుండుట ఈ మాటలో నిమిడియున్న చిత్రము. ప్రౌఢ లాటిను కాలము గడచిన పిమ్మట క్రైస్తవ రచయితల చేతిలో వ్యాప్తికి వచ్చిన ఈ క్రియ, ఫ్రెంచి మీదుగా ఆంగ్లమున ప్రవేశించినది. పదునాలుగవ శతాబ్దాంతమున విశేషణ రూపమునను, పదునాఱవ శతాబ్దపు తొలి దశకములలో క్రియారూపమునను కానవచ్చుచున్నది. ఆ తొలినాళ్ళలో ఒక శాసనమును రద్దుచేయుట, ఒక హక్కును చెల్లకుండ చేయుట అను న్యాయశాస్త్రార్థములు కూడ దీనికుండెను. ఈ ప్రాచీనార్థమును మఱవరాదు. ఏలయన, శాసనము, హక్కు, అధికారము అనునవి మనుష్యుల అంగీకారముపై నిలిచియున్నవి. ఆ అంగీకారము తొలగినపుడు వానికి బూడిద కూడ మిగులదు.

దీని ఇరుగుపొరుగు క్రియలను గూడ ఒకమాఱు చూడవలసియున్నది. 'డెసిమేట్' అనునది రోమక సైన్యములోని ఒక క్రూరదండనమునుండి వచ్చినది: పిఱికితనమో తిరుగుబాటో చూపిన దళములో పదుగురికొకని చొప్పున చీట్లు వేసి, ఎన్నికైనవానిని తోటి సైనికుల చేతనే కొట్టించి చంపించుచుండిరి. నేడది సామాన్య వ్యవహారమున 'చాల భాగము నశింపజేయు' అను అర్థమునకు ప్రాకినది. 'ఎక్స్‌టర్మినేట్' అనగా మొదట పొలిమేర దాటించుట. 'ఆబ్లిటరేట్' అనగా వ్రాసిన అక్షరమును చెఱిపివేయుట. 'ఎరాడికేట్' అనగా వేరుతో పెఱికివేయుట. మన 'నిర్మూలన'కు సరియైన జంట ఈ కడపటిదే గాని అనైహిలేట్ కాదు. తెలుగువాడు కోపము వచ్చినపుడు పలుకు 'దుంపనాశనము' కూడ ఈ చిత్రమునే చూపును; తీగను ఎన్నిమాఱులు కోసినను నేలలో దుంప యున్నంతవఱకు అది మరల చిగుర్చునని ఎఱిగిన కృషీవలుని మాట అది. ఆంగ్ల క్రియకు మిక్కిలి చేరువైన తెలుగు పలుకుబడి 'నామరూపములు లేకుండ చేయుట'. ఇందును సూక్ష్మమైన భేదము కలదు. నామము పోవును, రూపము పోవును. వానికి ఆశ్రయమైన వస్తువు పోవునని మాత్రము ఈ పలుకుబడి చెప్పదు. వేదాంతపరిభాష పామరుని నాలుకపై నిలుచుట వలన కలిగిన మేలిది. మనవారు తిట్టునపుడు సైతము శూన్యమును అంగీకరింపలేదు.

సృష్టిలో నొక వస్తువు నిజముగా శూన్యము కాగలదా యను ప్రశ్నను పాశ్చాత్యులలో క్రైస్తవ తత్త్వవేత్తలు మిక్కిలి శ్రద్ధతో విచారించిరి. శూన్యమునుండి లోకమును సృజించిన ఈశ్వరుడు దానిని మరల శూన్యము చేయగలడు గదా యనునది వారి సందేహము. పదుమూడవ శతాబ్దమున థామస్ అక్వినాస్ తన వేదాంత సంగ్రహములో ఈ ప్రశ్నను రెండుగా చీల్చి, ఈశ్వరునకట్టి శక్తి కలదనియు, కాని వాస్తవమున ఏ వస్తువును అట్లు శూన్యము చేయబడుట లేదనియు తీర్మానించెను. ప్రార్థనా సమయమున రొట్టె క్రీస్తు శరీరముగా మాఱునను విశ్వాసమును వివరించునపుడు కూడ, రొట్టె యొక్క ద్రవ్యము శూన్యమగుట లేదు, మార్పు చెందుచున్నదని ఆయన పట్టుపట్టెను. అంతకు ఎన్నో శతాబ్దములకు పూర్వమే రోమక కవి లుక్రేషియస్, దేవతల ప్రసక్తి లేకుండగనే, ఏదియు శూన్యమునకు పోదని తన మహాకావ్య ప్రథమాధ్యాయమున వాదించియుండెను.

మన దర్శనములలో ఈ విచారము మఱింత నిశితముగా సాగినది. కార్యము కారణములో ముందే యున్నదను సాంఖ్యులకు నాశమనగా కారణములో లీనమగుటయే. నైయాయికులు మాత్రము అభావమును కూడ ఒక పదార్థముగా లెక్కించి, దానిని నాలుగు తెఱగులుగా విభజించిరి. తెలుగువాడని ప్రసిద్ధి గాంచిన అన్నంభట్టు తన 'తర్కసంగ్రహము'న బాలురకు బోధపడునట్లు చెప్పిన లక్షణముల ప్రకారము, వానిలో నాశము వలన కలుగు ప్రధ్వంసాభావమునకు ఆది కలదు, అంతము లేదు. కుండ పగిలినపుడు పెంకులు మిగులును, మన్ను ఎక్కడికిని పోదు. కాని ఆ కుండ లేకపోవుట యనునది ఆ క్షణమున మొదలై, ఎన్నటికిని ముగియదు. అదే మంటితో మఱియొక కుండను చేయవచ్చును గాని, ఆ కుండ రాదు. పదార్థము నశింపదను మాటతో తృప్తిపడువారికి ఈ నాలుగు మాటల లక్షణము చాలినంత సమాధానమని నా నమ్మకము.

ఈ క్రియ వలన ఒక మహాధర్మమునకు కలిగిన అపకారమును గూడ ఇచట చెప్పవలెను. పందొమ్మిదవ శతాబ్దమున బౌద్ధగ్రంథములను మొదట చదివిన ఐరోపా పండితులలో పలువురు నిర్వాణమును 'అనైహిలేషన్' అని వివరించిరి. ఫ్రెంచి పండితుడు బార్తెలెమీ సెంట్ హిలేర్ 1860లో ప్రకటించిన గ్రంథమున, కోట్లకొలది ప్రజలు శూన్యమునే పరమగతిగా కోరుచున్నారని ఆశ్చర్యమును, జుగుప్సను వెల్లడించెను. మాక్స్‌ముల్లరు కూడ మొదట ఈ త్రోవనే నడచి, తరువాతి కాలమున ధమ్మపదాది గ్రంథములను మఱింత పరిశీలించి, తన అభిప్రాయమును సడలించుకొనెను. ఇందలి విషాదమేమనగా, మరణముతో సమస్తము అంతరించునను ఉచ్ఛేదవాదమును బుద్ధుడు స్వయముగా నిరాకరించియుండెను. శాశ్వతవాదము ఒక కొస, ఉచ్ఛేదవాదము మఱియొక కొస, రెంటిని విడిచినదే ఆయన మధ్యమమార్గము. కృష్ణాతీరముతో సంప్రదాయము ముడిపెట్టిన ఆచార్య నాగార్జునుడు శూన్యతను బోధించినను, ఆ శూన్యత నాస్తిత్వము కాదని చెప్పుటకే తన కారికలలో పెక్కింటిని వినియోగించెను. అట్టివానిని సర్వనాశవాదియని పిలుచుట, ఆయన ఖండించిన పక్షమునే ఆయనకంటగట్టుట యగును.

ప్రకృతిశాస్త్రముల సాక్ష్యమును సంగ్రహముగా చెప్పవచ్చును. రసాయనిక చర్యలలో ద్రవ్యరాశి తఱుగదని లావాయిజే 1789లో తన గ్రంథమున స్థాపించెను. ఇరువదవ శతాబ్దమున భౌతికశాస్త్రజ్ఞులు అనైహిలేషన్ అను పేరును మరల చేపట్టి ఒక వింతకార్యమునకు పెట్టిరి. 1928లో డిరాక్ వ్రాసిన సమీకరణమునుండి ఎలక్ట్రానుకు విరుద్ధావేశము గల ప్రతికణమొకటి యుండవలెనని 1931 నాటికి తేలినది. మఱుసటి యేడు కాలిఫోర్నియాలో ఆండర్సన్ దానిని మేఘపేటికలో ఛాయాచిత్రముగా పట్టుకొనెను. ఆ పాజిట్రాను, ఎలక్ట్రాను కలిసికొన్నపుడు రెండును అదృశ్యములగును. అదృశ్యమగునే గాని శూన్యము కావు. వాని స్థానమున సామాన్యముగా రెండు గామాకిరణములు, ఒక్కొక్కటి 511 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తితో, ఎదురెదురు దిక్కులకు సాగిపోవును. నేడు పెద్ద ఆసుపత్రులలో క్యాన్సరు రోగులకు చేయు పెట్ స్కాన్ ఈ కిరణముల జతలను పట్టుకొని, శరీరములో ఏ భాగమున గడ్డ యున్నదో చూపుచున్నది. రోగికెక్కించు మందులో పాజిట్రానులను వెలువరించు ఫ్లోరిన్-18 అర్ధజీవితకాలము 110 నిమిషములు మాత్రమే యగుటచేత, దానిని తయారుచేసిన కొన్ని గంటలలోనే వాడవలసి యుండును. సర్వనాశనమని పేరుపొందిన ప్రక్రియయే మనుష్యుని ప్రాణరక్షణకు ఉపకరించుచున్నది. పేరు మాత్రము తప్పు. శాస్త్రజ్ఞులకు అది తెలిసినదే, అలవాటు చేత మార్చలేదు.

రణరంగమున ఈ క్రియకు గల ప్రతిష్ఠ వేఱు. క్రీస్తుపూర్వము 216లో కాన్నే యొద్ద హానిబాలు తనకంటె పెద్దదైన రోమక సేనను నాలుగు వైపుల చుట్టుముట్టి ఒక్క దినమున తునుమాడెను. చనిపోయినవారు సుమారు 48 వేలని లివీయు, 70 వేలని పాలిబియసును వ్రాసిరి. సర్వసేనావినాశమునకు నాటినుండి నేటివఱకు ఇదియే ఉదాహరణము. కాని ఆ యుద్ధమున గెలిచినదెవరు? పదునాలుగేండ్లకు జామా యొద్ద హానిబాలు ఓడెను. క్రీస్తుపూర్వము 146లో అతని నగరమైన కార్తేజిని రోమకులు తగులబెట్టి, మిగిలినవారిని బానిసలుగా అమ్మిరి. ఆ నగరభూమిలో ఉప్పు చల్లిరను కథ బహుళముగా ప్రచారములో నున్నను ప్రాచీన రచయితలెవరును దానిని చెప్పలేదు. నిశ్శేషమను భావమును సంపూర్ణము చేయవలెనను కోరికతో ఆధునికులు దానిని చేర్చిరి. నూఱేండ్లు దాటిన తరువాత రోమకులే ఆ స్థలమున కార్తేజిని పునర్నిర్మింపగా, అది వారి ఆఫ్రికా రాష్ట్రమునకు మకుటాయమానమైనది. యుద్ధతత్త్వమును వ్రాసిన క్లౌజెవిట్సు, శత్రుసేనావినాశమనగా దానిని పోరు సాగింపలేని స్థితికి తెచ్చుట మాత్రమేయని జాగ్రత్తగా పరిమితి విధించెను. ఆయన వారసులు ఆ పరిమితిని మఱచిరి. జర్మను సేనాధిపతి ష్లీఫెన్ కాన్నే వ్యూహమును ఆరాధించి, ఫ్రాన్సునట్లే చుట్టుముట్టదలచెను. ఆ ఆలోచన 1914 సెప్టెంబరులో మార్న్ నదీతీరమున భగ్నమై, నాలుగేండ్ల కందకముల యుద్ధమునకు దారితీసెను.

సేనకు చెప్పిన మాటను జాతికి చెప్పుటతో ఈ క్రియాచరిత్రలో చీకటి ఘట్టము మొదలగుచున్నది. 1904 అక్టోబరులో నైరుతి ఆఫ్రికాలో జర్మను సేనాని ఫాన్ ట్రోథా, హెరెరో జాతివారు తమ సొంతభూమిని విడిచిపోవలెననియు, ఆ సరిహద్దులలో కనబడిన ప్రతి హెరెరోను కాల్చివేయుదుననియు ఆజ్ఞ వెలువరించెను. వేలకొలది జనులు ఎడారిలో దాహముతో మడసిరి. 1939 జనవరి 30వ తేదీన హిట్లరు జర్మను శాసనసభలో, ప్రపంచయుద్ధము వచ్చినచో ఐరోపాలోని యూదుజాతి సర్వనాశనమగునని బహిరంగముగా బెదిరించెను. ఇచట గమనింపదగినది ఒకటి కలదు. వేదికలపై ఘోషించునపుడు వాడిన క్రియ, కార్యము నిజముగా జరుగునపుడు కాగితములపైనుండి మాయమైనది. 1942 జనవరి 20వ తేదీన వాన్జే భవనమున పదునైదుగురు అధికారులు కూడి యూదుల హత్యకై ఏర్పాట్లను చర్చించినపుడు, వారి కార్యక్రమ నివేదికలో 'తూర్పునకు తరలింపు' అనియు, 'అంతిమ పరిష్కారము' అనియు వ్రాసికొనిరి. చేయదలచినవాడు బెదిరించుటకు పెద్ద మాటను, చేయునపుడు దాచుటకు చిన్న మాటను ఎన్నుకొనును. సుమారు 60 లక్షల యూదులు చంపబడిరి.

వీరి విషయమున, పదార్థము నశింపదను తత్త్వవాక్యము ఎవరికిని ఊఱట కాజాలదు. అన్నంభట్టు చెప్పిన అనంతమైన అభావము ఇదియే: ఆ మనుష్యులు, వారి కుటుంబములు, పోలెండులో వారు నివసించిన పల్లెల యిడ్డిషు జీవితము మరల రావు. అయినను ఆ జాతి నిశ్శేషము కాలేదు. హంతకుల ప్రతిజ్ఞ నెఱవేఱలేదు. ఈ రెండు సత్యములను ఒకే న్యాయసూత్రములో నిముడ్చుటకు పోలెండు దేశపు యూదు న్యాయవాది రఫయెల్ లెమ్కిన్ పూనుకొని, 1944లో 'జెనొసైడ్' అను నూతనపదమును కల్పించెను. ఐక్యరాజ్యసమితి 1948 డిసెంబరు 9వ తేదీన ఆమోదించిన ఒడంబడిక, ఒక జాతిని పూర్తిగా గాని పాక్షికముగా గాని నాశనము చేయు ఉద్దేశముతో జరిపిన కృత్యములను నేరముగా నిర్వచించినది. 'పాక్షికముగా గాని' యను మాటలోనే దాని వివేకమంతయు నున్నది. సర్వనాశనము జరుగువఱకు న్యాయస్థానము వేచియుండవలసినచో, ఫిర్యాదు చేయువాడు మిగులడు. భారతదేశము ఈ ఒడంబడికపై 1949లో సంతకము చేసి, 1959లో ధ్రువీకరించెను.

మన దేశమునకు వచ్చినపుడు, తెలుగున 'నిర్మూలన' యను ఒక్క మాటయే ఆంగ్లములోని పలు క్రియల భారమును మోయుచున్నదని చెప్పవలెను. మశూచి నిర్మూలన మొదటి ప్రయోగము. 1977లో సోమాలియాలో కడపటి సహజరోగి కనబడిన తరువాత, 1980 మే 8వ తేదీన ప్రపంచ ఆరోగ్యసభ ఆ వ్యాధి అంతరించినట్లు ప్రకటించినది. మానవజాతి సాధించిన విజయములలో దీనికి సాటివచ్చునవి మిక్కిలి తక్కువ. ఐనను మశూచి వైరసు అమెరికాలో నొకటి, రష్యాలో నొకటి, రెండు ప్రయోగశాలలలో నేటికిని భద్రపఱచబడి యున్నది. వేరు పెఱకబడినది, విత్తనము దాచబడినది.

రెండవ ప్రయోగము శ్రీకాకుళపు నక్సలైటు ఉద్యమమున వినవచ్చిన 'వర్గశత్రు నిర్మూలన'. శ్రీకాకుళపు గిరిజనుల ఆగ్రహమునకు నిజమైన కారణములుండెను. భూములు వడ్డీవ్యాపారుల పాలగుట, వెట్టి, అటవీసిబ్బంది పీడ వారిని కుంగదీసియుండెను. 1967 అక్టోబరు 31వ తేదీన లేవిడి యొద్ద భూస్వాముల కాల్పులలో ఇరువురు గిరిజనులు చనిపోయిరి. కాని నక్సలైటు నాయకుడు చారు మజుందారు ప్రతిపాదించిన వ్యక్తినిర్మూలన పంథా, వ్యవస్థకు చెప్పవలసిన క్రియను వ్యక్తికి చెప్పినది. భూస్వామి చనిపోయినంత మాత్రమున భూస్వామ్యము చావదని అదే విప్లవశిబిరమునకు చెందిన తరిమెల నాగిరెడ్డి ప్రభృతులు ఆనాడే వ్యతిరేకించిరి. ఉద్యమనాయకులైన ఉపాధ్యాయులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసము 1970 జూలైలో పోలీసుల చేతిలో మరణించిరి. ప్రభుత్వము కూడ తన వంతున వ్యక్తులనే తుడిచివేయుచు, కారణములను చాలవఱకు అట్లే యుండనిచ్చినది. ఇరుపక్షముల వారును కర్మపదమునే తప్పుగా ఎన్నుకొనిరని నా తీర్పు.

ఈ క్రియకు తగిన కర్మపదమును ఎన్నుకొన్నవాడు డాక్టరు అంబేద్కరు. లాహోరులోని జాత్-పాత్ తోడక్ మండల్ వారు తమ 1936 వార్షికసభకు అధ్యక్షత వహింపుమని ఆయనను ఆహ్వానించిరి. ఉపన్యాసప్రతిని చూచిన తరువాత, శాస్త్రముల ప్రామాణ్యమును త్రోసివేయు భాగములను, తాను హిందూమతమును వీడనున్నానను సూచనను తొలగింపుమని కోరిరి. ఒక్క విరామచిహ్నమును కూడ మార్చనని ఆయన నిరాకరింపగా సభయే ఆగిపోయినది. పలుకబడని ఆ ఉపన్యాసమును అంబేద్కరు తన ఖర్చుతో 1500 ప్రతులు ముద్రించి ఆ మే నెలలోనే వెలువరించెను. కులమును సంస్కరించుట, సడలించుట, శుభ్రపఱచుట అను మాటలతో నాటి సంస్కర్తలు తృప్తిపడుచుండగా, ఆయన గ్రంథము ముఖపత్రముపై అనైహిలేషన్ అను మాటను నిలిపెను.

ఇది ఆవేశము వలన వచ్చిన అతిశయోక్తి యని తలచువారు గ్రంథమును శ్రద్ధగా చదివినవారు కారు. కులము ఇటుకలతో కట్టిన గోడ వంటి భౌతికవస్తువు కాదనియు, అదొక భావన, ఒక మనఃస్థితి యనియు అందు స్పష్టముగా చెప్పబడినది. భౌతికవస్తువును శూన్యము చేయుట ఎవరికిని శక్యము కాదని పైన చూచితిమి. భావనను చేయవచ్చును, ఏలయన దానిని నమ్ముట మానినపుడు అది ఉండుటకు వేఱొక చోటు లేదు. సహపంక్తి భోజనములు చాలవు. వర్ణాంతర వివాహములు ఔషధమే యైనను, జనులు వానికి వెనుకాడుచున్నది శాస్త్రభీతి చేత గనుక, ఆ శాస్త్రముల పవిత్రతపై గల విశ్వాసమునే తొలగింపవలెననునది ఆయన వాదము. ఎవనిని చంపుమని ఇందెక్కడను లేదు. పురోహితత్వమును కూడ వంశపారంపర్యమునుండి తప్పించి పరీక్షకు లోబఱుపవలెననెను; పురోహితునికి హాని చేయుమనలేదు. వేరును చూపి పెఱుకుమనిన ఈ గ్రంథమునకు తెలుగున 'కుల నిర్మూలన' యను పేరు స్థిరపడుట ఎంతయు సముచితము. ఇచట తెలుగుపదము మూలమునకు తక్కువ కాలేదు సరికదా, వాదము యొక్క నిర్మాణమును మఱింత విశదము చేయుచున్నది.

గాంధీమహాత్ముడు 1936 జూలైలో 'హరిజన్' పత్రికలో దీనికి సమాధానము వ్రాసెను. ఏ సంస్కర్తయు ఈ ఉపన్యాసమును ఉపేక్షింపరాదని ఒప్పుకొనుచు, ఎనిమిదణాల వెల ఎక్కువయనియు, దానిని తగ్గింపవలసినదనియు సలహా యిచ్చుచు, వర్ణధర్మమునకు తన వివరణమును సమర్థించుకొనెను. అంబేద్కరు ప్రత్యుత్తరము 1937 నాటి రెండవ ముద్రణలో చేర్చబడినది. మన రాజ్యాంగము తన 17వ అధికరణమున అస్పృశ్యతను రద్దుచేసినదే గాని, కులమును రద్దుచేయలేదు. ఆ అధికరణము అమలులో నుండగనే, 1985లో కారంచేడునందును, 1991లో చుండూరునందును దళితులు ఊచకోతకు గుఱియైరి. శాసనము చేయగలిగినది కొంత, మనస్సు చేయవలసినది పెక్కు మిగిలియున్నది.

ఇట్టి బరువు గల మాట నేడు ఆంగ్లపత్రికల క్రీడాపుటలలో ఒక జట్టు మఱియొక జట్టును పది వికెట్ల తేడాతో ఓడించినపుడెల్ల వెలువడుచున్నది. తెలుగు పత్రికలును వెనుకబడక ఆటలో ఓటమిని 'ఊచకోత' యనియు, 'విధ్వంసము' అనియు వర్ణించుచున్నవి. చిత్తుచేయుట, మట్టి కఱపించుట అను చక్కని మల్లయుద్ధపు పలుకుబడులు మనకుండగా ఈ దుబారా ఎందులకు? ఆటకు ఈ మాటను వెచ్చించినవాడు, నిజముగా ఒక గ్రామము తగులబడినపుడు వ్రాయుటకు మాట లేక వెలవెలబోవును. కావున పత్రికారచయితలకు నా విన్నపము: మనుష్యులు చంపబడినచోట హత్య యని వ్రాయుడు, తరలింపు, ఏరివేత, ప్రక్షాళనము అను ముసుగుమాటలను అధికారులు పంపినను అచ్చువేయకుడు, నిర్మూలనను వ్యాధులకు, వెట్టికి, కులమునకు దాచియుంచుడు. పాఠకులు అంబేద్కరు ఉపన్యాసమును, దానికి గాంధీ వ్రాసిన సమాధానమును, ఆ సమాధానమునకు వచ్చిన ప్రత్యుత్తరమును మూటిని ఒక్కసారి వరుసగా చదువుడు. మూడును కలిసి ఒక చిన్న పుస్తకమంత మాత్రమే.